పొట్ట తీసేస్తే పాట ఎక్కడుంటుంది?

హైదరాబాద్ నుంచి విజయవాడకు రోడ్డు మీద వెళ్లేవాళ్లు గరికపాడు దాటాల్సిందే. ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. నంబరు మారినా రద్దీ మారలేదు. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఈ ఊరు సరిహద్దు ఊరైంది. 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. పెద్దవాళ్ల నోట మాత్రం జగ్గయ్యపేట, నందిగామ అంటే ఇంకా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమే!

ఈ చుట్టుపక్కల తిరునాళ్లకు కొదవ లేదు. మునేరు ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి ఉంది. కృష్ణ ఒడ్డున వేదాద్రి నరసింహస్వామి ఉన్నాడు. తిరునాళ్లంటే రంగులరాట్నం, ఖర్జూరాలు, గాజుల కొట్లు... రాత్రయితే పాటల కార్యక్రమం. ఆర్కెస్ట్రా వాళ్ల వ్యాను వెనక తలుపు తెరిస్తే ఏం కనిపిస్తాయి? స్పీకరు పెట్టెలు, కీబోర్డు, ప్యాడ్లు, ఒకటో రెండో గిటార్లు, చుట్టచుట్టలుగా వైర్లు.

ఒక వాయిద్యం మాత్రం కనిపించదు. ఎందుకంటే అది మనిషి కంటే ఎత్తుగా ఉంటుంది. దాన్ని ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు దిగి నడిచి రావాలి. దాని పేరు డబుల్ బేస్.

వినిపించదు... తెలుస్తుంది

వయొలిన్ కుటుంబంలో ఇది తాతయ్య. నిలబెడితే దాదాపు ఆరడుగులు. పది కిలోల దాకా బరువు. పెద్ద గుమ్మడికాయను నిలువునా సాగదీసినట్టు పొట్ట, దాని మీద పొడుగాటి మెడ, నాలుగు లావుపాటి తీగలు. వాయించేవాడు పక్కన నిలబడి, భుజం మీద చెయ్యేసి స్నేహితుణ్ణి పలకరిస్తున్నట్టు వాయిస్తాడు.

మన పాత సినిమా పాటల్లో దీని పాత్ర చిన్నది కాదు. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో వయొలిన్ల బారు, వాటి వెనక సెల్లోలు, అందరికంటే వెనక డబుల్ బేస్. పాట విన్నవాళ్లెవరూ ‘ఆహా, బేస్ ఎంత బాగుంది’ అనరు. కానీ అది తీసేసి వినిపిస్తే ‘ఏదో తగ్గిందే’ అంటారు. పప్పులో ఉప్పు లాంటిదన్నమాట. ఉన్నప్పుడు దాని ఊసే రాదు. లేనప్పుడు అందరూ దాని గురించే మాట్లాడతారు.

దీని అడుగు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. ఆ శబ్ద తరంగం ఒక్కొక్కటీ ఎనిమిది మీటర్ల పైచిలుకు పొడవుంటుంది. మామూలు పడకగది కంటే పొడవు! అంత పెద్ద తరంగాన్ని గాలిలోకి నెట్టాలంటే అంత పెద్ద పొట్ట ఉండాల్సిందే. సన్నటి తీగ ఒక్కటే ఆ పని చెయ్యలేదు. విసనకర్ర పుల్లతో గాలి విసరగలమా? ఆకు ఉండాలి. బేస్‌కు ఆ ఆకు దాని పొట్ట.

సరిగ్గా ఆ పొట్టతోనే కష్టమంతా.

పొట్ట తెచ్చిన పేచీ

వాయిద్యం ఒక్కటే ఉన్న గదిలో ఆ పొట్ట చాలు. పక్కన డ్రమ్ములు, బాకాలు చేరగానే బేస్ గొంతు మునిగిపోతుంది. పోనీ ముందు మైకు పెడదామా అంటే, స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ ఆ బోలు పొట్టలోకి దూరి, అది మళ్లీ మైకులోకి వచ్చి, ‘కూయ్’మని కూత మొదలవుతుంది. ఊళ్లో మైకు సెట్టు పెట్టినప్పుడల్లా చెవులు మూసుకునే ఆ కూతే ఇది.

అమెరికాలో ఎవరెట్ హల్ అనే బేస్ వాయిద్యకారుడికి ఇదే చిరాకు. ఆయనకు 1946 ప్రాంతంలో ఒక ఉపాయం తట్టింది. డబుల్ బేస్ కింద నేల మీద ఆనే ఒక ఇనప ముల్లు ఉంటుంది. ఆ ముల్లుకే పొట్ట లోపలి వైపు పికప్ బిగించాడు. పికప్ అంటే కంపనాన్ని కరెంటుగా మార్చే చిన్న పరికరం. ముల్లును ఇంగ్లిషులో ‘పెగ్’ అంటారు. ఆంప్లిఫై చేసిన పెగ్ కాబట్టి దానికి ‘ఆంపెగ్’ అని పేరొచ్చింది. తర్వాతి కాలంలో అది ప్రపంచంలో పేరున్న ఆంప్లిఫయర్ల కంపెనీ అయింది. ఒక వాయిద్యకారుడి తిప్పల్లోంచి పుట్టిన పేరది.

1951లో లియో ఫెండర్ ఇంకో దారి చూపించాడు. బేస్‌ను గిటారులా మెడలో తగిలించుకునేలా తయారుచేశాడు. అదే బేస్ గిటారు. చాలామంది పెద్ద బేస్‌ను మూలన పెట్టి దీన్ని అందుకున్నారు. వ్యానులో చోటు మిగిలింది!

కానీ కొందరికి మనసొప్పలేదు. నిలబడి వాయించే ఆ తీరు, మెట్లు లేని ఆ మెడ మీద స్వరం నుంచి స్వరానికి జారే ఆ జారుడు, విల్లుతో పలికించే ఆ పలుకు... అవి గిటారులో రావు. అప్పుడు పుట్టిన ఆలోచన ఇది: మెడ అలాగే ఉంచుదాం. తీగల పొడవు అలాగే ఉంచుదాం. పొట్ట మాత్రం తీసేద్దాం. గట్టి కర్ర ఒక్కటే మిగులుద్దాం. పికప్ పెట్టి, స్పీకర్ చేత పాడిద్దాం.

అదే ఎలక్ట్రిక్ అప్‌రైట్ బేస్. 1930లలోనే ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. 1962లో ఆంపెగ్ కంపెనీ ప్లాస్టిక్ ఒంటితో ‘బేబీ బేస్’ను తెచ్చింది. లాటిన్ అమెరికా నృత్య సంగీతం దాన్ని గుండెలకు హత్తుకుంది. ఆ తర్వాత నెడ్ స్టైన్‌బర్గర్ లాంటి రూపకర్తలు, యమహా లాంటి కంపెనీలు దాన్ని ఇంకా సన్నబరిచాయి.

పొట్ట చేసే మూడు పనులు

పొట్ట తీసేసిన మొదటి రోజే వాయిద్యకారుడికి ఒక విషయం తెలిసొస్తుంది. పొట్ట అంటే శబ్దం ఒక్కటే కాదు.

ఒకటి, అది శబ్దం చేస్తుంది. ఆ పనికి పికప్ ఉంది, సరే. రెండు, అది వాయిద్యాన్ని నిలబెడుతుంది. ముల్లు నేల మీద, వెనక అంచు నడుం దగ్గర, పక్క భాగం ఎడమ మోకాలికి... ఇలా వాయించేవాడి ఒంటికి ఆనుకుని నిలుస్తుంది. మూడు, అది చేతికి దారి చెబుతుంది. మెట్లు లేని మెడ మీద ఏ స్వరం ఎక్కడుందో కళ్లు చెప్పవు. మెడ వెళ్లి పొట్టను కలిసే చోటు చేతికి తగలగానే ‘ఇదిగో, ఫలానా స్వరం దగ్గరకొచ్చావ్’ అని వేళ్లకు తెలుస్తుంది. చీకట్లో మన ఇంట్లో మనం గోడలు పట్టుకుని నడవడం లేదూ? అలాగ.

పొట్ట లేని బేస్‌కు గోడలు లేని ఇల్లు వచ్చినట్టే. ఆనుకోవడానికి ఏమీ లేదు. పట్టుకుంటే బొంగరంలా గిర్రున తిరుగుతుంది. అందుకే స్టాండు అవసరం. అందుకే ఈ వాయిద్యం కొన్న ప్రతివాడూ చివరకు స్టాండు దగ్గర ఏదో ఒక మార్పు చేసుకుంటాడు. ఎందుకంటే కంపెనీ స్టాండు సగటు మనిషి కోసం తయారవుతుంది. సగటు మనిషి ఎక్కడా ఉండడు!

ఇది మనకు కొత్త సంగతేం కాదు. వయొలిన్ యూరప్ నుంచి వచ్చింది. అక్కడ నిలబడి, గడ్డం కింద నొక్కిపెట్టి వాయిస్తారు. మనవాళ్లు ఏం చేశారు? కింద కూర్చుని, ఒక కొనను ఛాతీకి ఆనించి, రెండో కొనను కుడి చీలమండ దగ్గర పెట్టారు. వయొలిన్ కదలకుండా రెండు చోట్ల చిక్కుకుంది. దాంతో ఎడమ చెయ్యికి మోసే పని తప్పింది. స్వేచ్ఛగా పైకీ కిందకీ జారగలిగింది. ఆ జారుడులోంచే గమకం వచ్చింది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి వేళ్ల కింద ఆ వయొలిన్ పరాయిదని ఎవరికైనా అనిపించిందా? వాయిద్యంలో ఒక్క మేకు కూడా మార్చకుండా, మనిషి ఒంటినే స్టాండుగా మార్చుకున్న సంగతి ఇది. స్టాండు మారితే చెయ్యి మారుతుంది. చెయ్యి మారితే సంగీతమే మారుతుంది.

వెల్డింగ్ షాపులో కచేరీ

గరికపాడు కుర్రాడొకడికి ఈ బేస్ పిచ్చి పట్టిందనుకుందాం. ఎక్కడో పట్నంలో పాతది ఒకటి దొరికింది. స్టాండు విరిగిపోయింది. జగ్గయ్యపేటలో వెల్డింగ్ షాపుకు పట్టుకెళ్లాడు. అక్కడ మాటలు ఎలా ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

‘‘బాబాయ్, దీనికి మూడు కాళ్ల స్టాండు కావాలి.’’

‘‘ఏంట్రా అబ్బాయ్ ఇది? పడవ తెడ్డా?’’

‘‘కాదు బాబాయ్, వాయిద్యం.’’

‘‘మరి వాయించేది ఏదీ? అంతా కర్రే ఉందిగా!’’

నవ్వులయ్యాక అసలు పని మొదలవుతుంది. ఆ బాబాయికి సంగీతం తెలియకపోవచ్చు. బరువు ఎటు వాలుతుందో మాత్రం బాగా తెలుసు. నాలుగు కాళ్ల కుర్చీ ఎగుడుదిగుడు నేల మీద గిలకకొడుతుంది, మూడు కాళ్ల పీట గిలకకొట్టదు. కాబట్టి మూడు కాళ్లే మేలు. కాళ్లు ఎంత వెడల్పుగా పరుచుకుంటే అంత నిలకడ. మరీ పరిస్తే వాయించేవాడి పాదాలకు అడ్డం. ఒక కాలు వాయిద్యం వెనక్కి, రెండు ముందుకి వస్తే మనిషికి చోటుంటుంది.

ఎత్తుకు ఒక లెక్కుంది. నిటారుగా నిలబడితే మెడ పైకొనలో తీగలు మొదలయ్యే గాడి వాయించేవాడి కనుబొమల దగ్గరకు రావాలి. అక్కణ్ణుంచి ఎవరికి వాళ్లు ఒకటి రెండు వేళ్లు అటూ ఇటూ సర్దుకుంటారు. అందుకే కాడ ఒకే పైపు కాకూడదు. పెద్ద పైపులో చిన్న పైపు దూరి, మర బిగించుకునేలా ఉండాలి. వాయిద్యం కాస్త వెనక్కి, మనిషి వైపు వాలాలి. నిట్టనిలువుగా ఉంటే చెయ్యి లాగేస్తుంది.

ఇక పోయిన ‘గోడలు’ తిరిగి కట్టాలి. నడుం దగ్గర ఆనేలా ఒక వంపు కమ్మీ, ఎడమ మోకాలి దగ్గర ఇంకొకటి. వాటికి రబ్బరు తొడుగు. మెడ కింద, పాత పొట్ట మొదలయ్యే చోట వడ్రంగి చేత చిన్న చెక్క ముక్క బిగిస్తే వేళ్లకు మళ్లీ దారి దొరుకుతుంది. కమ్మీలు మడతపడాలి. లేకపోతే వ్యానులో చోటు కోసం పడ్డ పాటంతా వృథా.

ఒక్క జాగ్రత్త. ఇనుము కంపనాన్ని మోసుకొస్తుంది. స్టేజీ మీద ఎవరైనా కాలు తాటిస్తే ఆ ధబ్బు కాళ్లలోంచి పైకెక్కి, పికప్‌లోకి దూరి, స్పీకర్లో పిడుగులా పడుతుంది. కాబట్టి కాళ్ల కింద మెత్తటి రబ్బరు బుడిపెలు, స్టాండు వాయిద్యాన్ని కలిసే చోట రబ్బరు బుష్ తప్పనిసరి.

ఇంకో జాగ్రత్త. ఈ తీగలు ఒక్కోటీ పాతిక ముప్ఫై కిలోల బరువు వేలాడదీసినంత బిగువుతో ఉంటాయి. నాలుగూ కలిస్తే క్వింటాలు దాటుతుంది. అంత బిగువు మోస్తున్న కర్రకు ఎక్కడ పడితే అక్కడ రంధ్రం పెట్టడమంటే ఇంటి దూలానికి తూట్లు పొడవడమే. రంధ్రం పెట్టడం కంటే పట్టీ వేసి బిగించడం మేలు. పట్టీ వద్దనుకుంటే విప్పేయొచ్చు. రంధ్రాన్ని విప్పలేం.

గ్యాస్ లైటర్‌లో ఉన్న కిటుకు

ఇక పికప్. ఇవి ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది అయస్కాంతం రకం. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి, తీగల కింద పెడతారు. ఉక్కు తీగ దానిపై ఊగితే కరెంటు పుడుతుంది. ఇందులో గొంతు గుండ్రంగా, బేస్ గిటారులా వస్తుంది. ఉక్కు తీగలైతేనే పని చేస్తుంది. నైలాన్ తీగలకు దీని దగ్గర పలుకు లేదు.

రెండోది పీజో రకం. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మన వంటింట్లోదే. గ్యాస్ పొయ్యి వెలిగించే లైటర్ ‘టిక్’మని నొక్కితే నిప్పురవ్వ ఎగురుతుంది కదా, బ్యాటరీ లేకుండా? లోపల పీజో పదార్థం ఉంటుంది. దాన్ని ఒత్తితే కరెంటు పుడుతుంది. 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు కనిపెట్టిన గుణమిది. ఆ పియరీయే మేరీ క్యూరీ భర్త. అదే పదార్థాన్ని తీగలు ఎక్కి కూర్చునే బ్రిడ్జి కింద, మన వీణ వాళ్లు గుర్రం అనే దాని కింద పెడితే తీగ కంపించినప్పుడల్లా ఒత్తిడి, ఒత్తిడి పడినప్పుడల్లా కరెంటు. ఇందులో చెక్క వాసన, వేలి గరుకు, విల్లు రాపిడి అన్నీ వినిపిస్తాయి.

కరెంటు సామాన్ల కొట్లో చవగ్గా దొరికే బజర్ బిళ్లల్లో ఉండేదీ ఇదే. కాబట్టి ఉత్సాహవంతులు ముందుగా ఆ బిళ్ల తెచ్చి, బ్రిడ్జికి అంటించి, వైరు తీసుకెళ్లి నేరుగా మైకు సెట్టు మిక్సర్లో గుచ్చుతారు. ఏమొస్తుంది? రేకు డబ్బా గీరినట్టు కీచుమని శబ్దం. బేస్ పేరుకైనా ఉండదు. ‘చవక బిళ్ల, చవక శబ్దం’ అని పారేస్తారు.

తప్పు బిళ్లది కాదు. మెట్ట ప్రాంతం వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. బోరులో నీళ్లు ఊరేది సన్నగా. దానికి పెద్ద మోటారు బిగిస్తే ఏమవుతుంది? రెండు నిమిషాల్లో గాలి లాగుతుంది. పీజో బిళ్ల అలాంటి బోరు. దానికి వోల్టేజీ ఉంటుంది గానీ కరెంటు ఇచ్చే ఓపిక ఉండదు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ పదివేల ఓముల దగ్గర ఉండి గబగబా లాగేస్తుంది. మామూలు బిళ్ల 20 నానోఫారడ్లదైతే, లెక్కకట్టి చూస్తే 800 హెర్ట్జ్ కిందనున్న స్వరాలన్నీ చిక్కిపోతూ వస్తాయి. అడుగు తీగ ఉన్నదేమో 41 దగ్గర! ఇక మిగిలేది ఏముంది?

మందు తేలికే. మధ్యలో చిన్న ప్రీఆంప్ పెట్టాలి. దాని ఇన్‌పుట్ పది లక్షల ఓములు, అంటే ఒక మెగా ఓమ్, ఆ పైన ఉంటే, అదే బిళ్ల 8 హెర్ట్జ్ దాకా నిలబడుతుంది. అడుగు తీగ గొంతు విప్పుతుంది. ఒక ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు, 9 వోల్టుల బ్యాటరీతో అయ్యే పని. బ్యాటరీతో చేయడమే మంచిది కూడా. ఇంటి కరెంటుతో నడిచే ఆంప్లిఫయర్ మూత తీసి ప్రయోగాలు చేయడం పిల్లలకే కాదు, పెద్దలకూ ప్రమాదమే. స్టేజీ మీద సరైన ఎర్తింగ్ లేకపోతే చేతిలో ఉక్కు తీగలున్నవాడికే ముందు షాక్ తగులుతుంది.

కొందరు రెండు పికప్‌లూ పెట్టి, రెంటినీ పాళ్లు చూసి కలుపుకుంటారు. అయస్కాంతం నుంచి ఒళ్లు, పీజో నుంచి ఊపిరి. ఆవకాయలో కారం, ఆవపిండి పాళ్లలాగే ఇదీ ఎవరింటి లెక్క వారిదే.

పాలకొల్లు పిల్లాడు చేసిన మార్పు

ఇంతవరకూ బాగానే ఉంది. మరి అసలు ప్రశ్న... ఇన్ని మార్పులు చేశాక అది అదే వాయిద్యమా? కరెంటు ఎక్కించిన వాయిద్యంలో సంగీతం ఉంటుందా, సర్కస్ ఉంటుందా?

ఈ ప్రశ్నకు తెలుగువాళ్ల దగ్గర ఒక జవాబుంది. దాని పేరు మాండొలిన్ శ్రీనివాస్.

1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయిస్తారు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను ఆరేళ్ల పిల్లాడు అందుకున్నాడు. తండ్రికి సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారే కొడుక్కీ గురువయ్యారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఒక్కటే చిక్కు. గురువుగారికి మాండొలిన్ రాదు! అయినా పాఠం ఆగలేదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని వాయించేవాడు.

ఈ చిన్న సంగతిలోనే అంతా ఉంది. ఆ పిల్లాడికి ఎవరూ ‘మాండొలిన్ ఇలా వాయించాలి’ అని చెప్పలేదు. ‘పాట ఇలా ఉంటుంది’ అని మాత్రమే విన్నాడు. ఆ పాటను ఈ తీగల మీద ఎలా తేవాలన్నది తనే వెతుక్కోవాలి.

మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగలు. రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటిన శబ్దం చటుక్కున ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి అది చాలదు. స్వరం నిలవాలి, ఊగాలి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పాకాలి. జంట తీగలను ఒకే తీరుగా లాగి ఊపడం చేతికి మహా కష్టం. అందుకని శ్రీనివాస్ జతలు తీసేశాడు. ఎనిమిది తీగల చోట ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. పికప్ పుణ్యాన స్వరం నిలిచింది. నిలిచిన స్వరం మీద గమకం పూసింది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు. అంటే ఆ ఎలక్ట్రిక్ మాండొలిన్ చరిత్ర మొదలైంది ఇదే పాత కృష్ణా జిల్లాలో అన్నమాట. 1981 డిసెంబరులో మద్రాసులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక ఎక్కాడు. ‘ఇది మన వాయిద్యమేనా’ అన్న సణుగుడు మొదట్లో వినిపించకపోలేదు. విన్నాక చెవులు తీర్పు చెప్పాయి. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ, జాన్ మెక్లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో దేశదేశాల పర్యటనలు... 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే, ఆ చేతులు ఆగిపోయాయి.

ఆయన చేసిన మార్పును మరోసారి చూడండి. కరెంటు ఉంది కదా అని వాయిద్యానికి ఎక్కించలేదు. తీగలు ఎక్కువయ్యాయని ఊరికే తీసేయలేదు. గురువు గొంతులో విన్నది తన వేళ్ల కింద రావడం లేదు. దానికి ఏది అడ్డమో అది తీసేశాడు. ఏది లోటో అది పెట్టుకున్నాడు. అంతే. మార్పు పాటలోంచి పుట్టింది.

ఏది పోవచ్చు, ఏది పోకూడదు?

డబుల్ బేస్‌కు పొట్ట తీసేసినవాళ్లలో జర్మనీకి చెందిన ఎబర్‌హార్డ్ వెబర్ పేరు ముందు చెప్పుకోవాలి. 1970లలో ఆయన ఐదు తీగల ఎలక్ట్రిక్ అప్‌రైట్ బేస్ పట్టుకున్నాడు. వెనక నిలబడి తాళం పట్టే బేస్ చేత ముందుకొచ్చి పాడించాడు. పొట్ట పోయింది గానీ పొడవాటి నిట్టూర్పు లాంటి ఆ స్వరం ఆయనదేనని విన్నవాళ్లు ఇట్టే పోల్చుకునేవారు.

2007లో ఆయనకు పక్షవాతం వచ్చింది. ఇక వాయించలేని పరిస్థితి. అప్పుడేం చేశాడు? అంతకుముందు కచేరీల్లో తాను ఒంటరిగా వాయించిన భాగాల రికార్డింగులు ముందేసుకున్నాడు. వాటి చుట్టూ కొత్త సంగీతం అల్లాడు. 2012లో ఒక ఆల్బమ్, 2015లో ఇంకొకటి అలా వచ్చాయి. ముందు వాయిద్యానికి పొట్ట పోయింది. తర్వాత వాయిద్యకారుడికి చెయ్యి పోయింది. పాట మాత్రం పోలేదు.

అయినా ‘కరెంటు పోతే నీ వాయిద్యం మూగబోతుంది కదరా’ అని ఊళ్లో పెద్దాయన ఎవరైనా అడిగితే తల దించుకోవాల్సిందే. అది నిజం. చెట్టు కింద కూర్చుని నలుగురికి వినిపించడం దీనితో కాదు. పనస కర్ర తొలిచి నూజివీడులోనో, బొబ్బిలిలోనో చేసే వీణకు ఆ గొడవ లేదు. అది తన గొంతు తన ఒంట్లోనే దాచుకుంది. పొట్ట తీసేసిన వాయిద్యం ఎప్పుడూ ఒక పెట్టె మీద, ఒక వైరు మీద, ఒక ప్లగ్గు మీద ఆధారపడాలి. లాభం వచ్చిన చోటే నష్టమూ ఉంది. దాన్ని దాచుకోనక్కర్లేదు.

కాకపోతే అందులోనూ చిన్న సుఖముంది. రాత్రి పదకొండింటికి పక్క గదిలో పిల్లలు పరీక్షలకు చదువుకుంటుంటే, ప్లగ్గు పీకేసిన ఈ బేస్ మీద సాధన చేసుకోవచ్చు. వాయించేవాడికి తప్ప ఎవరికీ వినిపించదు. ఇంట్లో గొడవ ఉండదు!

2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు పొంగి గరికపాడు దగ్గర వంతెన వద్ద రోడ్డు కోసుకుపోయింది. హైదరాబాద్, విజయవాడల మధ్య బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. తర్వాత మట్టి పోశారు, రాళ్లు వేశారు, రోడ్డు అతికించారు. ఇప్పుడు దాని మీద వెళ్లేవాళ్లు ‘ఇది పాత రోడ్డేనా, కొత్తదా’ అని ఆగి ఆలోచించరు. అవతలి ఒడ్డుకు చేరామా లేదా అన్నదే చూస్తారు.

వాయిద్యం కూడా అంతే. స్టాండు మార్చుకోవచ్చు, పికప్ మార్చుకోవచ్చు, పొట్ట తీసేయొచ్చు. పాట ఇవతలి మనిషి నుంచి అవతలి మనిషికి చేరాలి. అది చేరినన్నాళ్లూ, తిరునాళ్ల వ్యానులో ఆ మూడు కాళ్ల కర్రకు కూడా కాస్త చోటు ఇవ్వొచ్చు. పెద్దగా చోటేం పట్టదు... మడిచి పెడతారుగా!